కొత్త ఆండ్రాయిడ్ బీటా స్పీడ్ స్కోర్లు చూసి టెంప్ట్ అవుతున్నారా? పత్తి, మిర్చి రైతు ఇంట్లో అసలు చిక్కు వేరే ఉంది!

కొత్త ఆండ్రాయిడ్ బీటా వచ్చిందంటే చాలు.. యూట్యూబ్ నిండా స్పీడ్ టెస్టులే. పాత వెర్షన్ కంటే ఇన్ని పాయింట్లు ఎక్కువ, గేమ్ ఇంత స్మూత్ అంటూ వీడియోలు. మరి ఆ స్కోర్లు ఎంతవరకు నమ్మొచ్చు?

తొలిదశ బీటాలో లోపాలు పట్టుకోవడానికి పెట్టిన అదనపు కోడ్ నడుస్తూనే ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయగానే యాప్‌లన్నింటినీ ఫోన్ మళ్లీ సర్దుకుంటుంది. అందుకే మొదటి ఒకట్రెండు రోజులు వేడెక్కుతుంది, ఛార్జింగ్ చకచకా అయిపోతుంది. ఆ టైంలో తీసిన స్కోరు బాగున్నా, బాలేకపోయినా ఫైనల్ వెర్షన్‌కు లెక్క కాదు. పైగా గీక్‌బెంచ్ లాంటి టెస్టు నిమిషాల్లో ముగుస్తుంది. అదీ ఏసీ గదిలో! రెంటచింతల ఎండలో అదే ఫోన్ పట్టుకుంటే వేడికి ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. ఈ టెస్టు మాత్రం ఎవరూ చేసి చూపించరు.

ఆండ్రాయిడ్ 16 సంగతే చూడండి. తొలి బీటా 2025 జనవరి 23న వచ్చింది, ఫైనల్ జూన్ 10న. మధ్యలో ఎక్కువ భాగం గుంటూరు మిర్చి యార్డు సీజనే. ధర పడిపోయి, కేంద్రం క్వింటాకు రూ.11,781 చొప్పున మార్కెట్ జోక్యం ప్రకటించిందీ ఆ ఫిబ్రవరిలోనే. అలాంటి రోజుల్లో ఫోన్ మొరాయిస్తే?

రైతులెవరు బీటా వేస్తారు అనుకోవచ్చు. నిజమే, బీటా ముందుగా వచ్చేది పిక్సెల్ ఫోన్లకే. కానీ బీటెక్ చదివే కొడుకు ఫోన్‌లోనే నాన్న పనులన్నీ నడిచే ఇళ్లు పల్నాడులో, ప్రకాశంలో తక్కువేం కాదు. 2025-26 సీజన్‌లో సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో రిజిస్ట్రేషన్, స్లాట్ బుకింగ్ తప్పనిసరి. ఆ సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర రూ.8,110గా ఉండేది. స్లాట్ పోయి ప్రైవేటు వ్యాపారికి అమ్ముకుంటే ఆ ధర దక్కుతుందన్న గ్యారంటీ లేదు.

బీటాలో కొన్ని బ్యాంకు యాప్‌లు అసలు తెరుచుకోకపోవచ్చు. పోనీ వెనక్కి వద్దామా అంటే, ఫైనల్ రాకముందే బయటికొస్తే ఫోన్‌లో డేటా మొత్తం చెరిపేయాల్సిందే. బ్యాకప్ లేకపోతే కాటా చీటీల ఫొటోలు, కమీషన్ వ్యాపారితో వాట్సాప్ లెక్కలు కూడా గల్లంతే. సరదా తీరాలంటే పక్కన పడేసిన పాత ఫోన్ ఏదైనా బీటాకు పనికొస్తుందేమో చూసుకోవాలి. ఓటీపీలు వచ్చే సిమ్ మాత్రం అందులో వేయొద్దు.