కువైట్‌కు పోయేవాడికి చదువెందుకు?

వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే జూన్ మాసం వచ్చింది. కర్నూలు, ఆదోని, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు, రాయచోటి ముస్లిం వాడల్లో ఏటా ఈ నెలలోనే కొందరు పిల్లల పేర్లు హాజరు పట్టీ నుంచి చడీచప్పుడు లేకుండా జారిపోతాయి. మగపిల్లవాడు మెకానిక్ షెడ్డులోనో, పండ్ల బండి దగ్గరో, మాంసం దుకాణంలోనో చేరతాడు. ఆడపిల్ల మగ్గం పనికి కూర్చుంటుంది, లేదా తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకుంటూ ఇంట్లో ఉండిపోతుంది. తల్లిదండ్రులను అడిగితే వచ్చే జవాబు ఇంచుమించు ఒక్కటే: "చదివినోళ్లకే నౌకరీలు లేవు. రేపు కువైట్‌కు పోయేవాడికి చదువెందుకు?"

ఈ ప్రశ్నను మేము తేలికగా కొట్టివేయదలచుకోలేదు. వానలు మొహం చాటేసిన సీమలో ఎన్నో ఇళ్లను నిలబెట్టింది గల్ఫ్ సంపాదనే. డిగ్రీ పట్టా చేతబట్టుకుని ఖాళీగా తిరిగే యువకులూ మన వీధుల్లో ఉన్నారు. "చదివితే ఉద్యోగం వస్తుంది" అన్న పాత హామీతో ఈ తల్లిదండ్రులను ఒప్పించబూనడం నిజాయితీ అనిపించుకోదు. అయితే వారు నమ్ముకున్న కువైట్ దారి ఎలా ఉందో ఒకసారి చూద్దాం.

పదో తరగతి ఉత్తీర్ణులు కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. కువైట్, సౌదీ అరేబియా, ఖతర్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వీరికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఇంటిపనికి వెళ్లే స్త్రీకైతే 30 ఏళ్లు నిండాలి. ఇవన్నీ పేదవారి రక్షణ కోసం పెట్టిన నిబంధనలే. కానీ ఆ కాగితాల సంగతి తెలియని ఇంటి గడప తొక్కేది దళారి. అనుమతి బాధ లేకుండా విజిట్ వీసా మీద పంపిస్తానంటాడు. అలా వెళ్లిన మనిషికి జీతం ఆగినా, యజమాని పాస్‌పోర్టు లాక్కున్నా చెప్పుకోవడానికి చేతిలో ఒప్పందమే ఉండదు. పది పాసైన వాడికి ఈ అనుమతి గొడవ లేదు. తాను సంతకం పెట్టే కాగితంలో జీతం ఎంత రాసి ఉందో అడిగి తెలుసుకునే ధైర్యమూ ఉంటుంది. కువైట్‌కు పోయేవాడికే చదువు మరింత అవసరమని మేము అనేది ఇందుకే.

షెడ్డులో పని నేర్చుకునే పిల్లవాడి సంగతీ ఇంతే. చేతిపనిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. కానీ అదే పనిని ఐటీఐలో మోటారు మెకానిక్‌గానో, ఎలక్ట్రీషియన్‌గానో నేర్వాలంటే పదో తరగతి అడుగుతారు.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా గడిపిన ఏళ్లలో మేము చూసినదొకటి చెప్పాలి. బల్ల ముందుకు వచ్చి నిలబడే మనిషిని కార్యాలయం కాగితాన్ని బట్టే గుర్తిస్తుంది. పుట్టిన తేదీకి బడి రికార్డు, స్థానికతకు నాలుగు నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు చూస్తారు. ఐదో తరగతిలో మానేసినవాడు ఇవి ఎక్కడి నుంచి తెస్తాడు?

2007 నాటి చట్టం షేక్, ఖురేషి, లబ్బి, అత్తరు సాయెబులు మొదలైన 14 వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అది న్యాయస్థానాల్లో నలిగి, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. ఆ 4 శాతం కోసం సభలు పెట్టాం, వినతిపత్రాలు ఇచ్చాం. ఏడో తరగతిలో బడి మానిన పిల్లవాడికి అందులో దక్కేది శూన్యం. డాక్టర్ అబ్దుల్ హక్ 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించారు. ఆయన పేరిట 2016లో అక్కడే ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. వాటి గేటు దాకా నడిచి వచ్చే పిల్లలు కావాలి కదా!

తప్పంతా తల్లిదండ్రులదే అనడం అన్యాయం. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య అందించే చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ బాధ్యత ప్రభుత్వానిది. ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు బడి ముఖం చూడలేదనో, మధ్యలో మానేశారనో సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, ఉర్దూలో ఐదు చదివిన పాపకు ఆ పైన దగ్గరలో ఉర్దూ ఉన్నత పాఠశాల లేకపోతే ఆమె చదువు అక్కడితో సరి. ఉర్దూ ఉపాధ్యాయ ఖాళీలు భర్తీ చేయమని అడగడం మన హక్కు, అడుగుతూనే ఉంటాం.

ఈ లోపు మన చేతిలో ఉన్న పని ఉంది. ప్రతి మసీదు కమిటీ తన పరిధిలోని ఇళ్లు తిరిగి, బడి మానిన పిల్లల పేర్లు ఈ నెలలోనే రాసుకోవాలి. పుస్తకాలకు, ఆటో కిరాయికి బైతుల్‌మాల్ నుంచి ఎంతో కొంత తీయవచ్చు. తల్లిదండ్రులు ఊరు విడిచి పనికి వెళ్లే ఇళ్ల ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలున్నాయి. 2004లో మొదలైన ఆ పథకంలో మైనారిటీ బాలికలకూ ప్రాధాన్యం ఉంది. వయసు 14 దాటి బడికి వెళ్లడానికి సిగ్గుపడే పిల్లలు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పది రాయవచ్చు. ఇక బడిలో చేర్పించే రోజున ఒక్క నిమిషం ఆగి, దరఖాస్తులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో, కులం గడిలో "ముస్లిం" అని మాత్రమే రాసి వదిలేశారేమో చూసుకోండి. షేక్ అయితే షేక్ అని, దూదేకుల అయితే దూదేకుల అని ఆ రోజే రాయించండి.