మూసీ తీరమున ఎర్రగుర్తులు

మా గోల్నాకకు దక్షిణమున మూసీ పారుచున్నది. ఉత్తరమున, తార్నాక దారిలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ మున్నది. ఆ ప్రాంగణస్థలమును గూర్చి నిజాము ప్రభుత్వమునకు సలహా నిచ్చినవారిలో పాట్రిక్ గెడ్డీస్ పండితు డొకడు. 1915 నాట మద్రాసు రాజధానిలోని పట్టణములను చూచి, బాగుచేయు నెపమున పేదల వాడలను నేలమట్టము చేయరాదనియు, నేర్పరియైన శస్త్రవైద్యునివలె చెడినంతమేరకే తొలగించి తక్కినదానిని కాపాడవలెననియు నాతడు బోధించెను. విద్యామందిరమునకు అతని సలహా కావలసివచ్చినది. వాడలకు మాత్ర మక్కరలేకపోయినది!

2024లో మూసీ సుందరీకరణమునకై తీరమునందలి యిండ్లగోడలపై ఎర్రరంగుతో ఆర్‌.బి.ఎక్స్ అని వ్రాసిరి. ఆ గోడల వెనుక నున్నవారెవరు? దళితులు, వెనుకబడిన కులములవారు, బీద ముసల్మానులు పెక్కురు. కాగితములలో వారికి కులము లేదు, మతము లేదు. 'ఆక్రమణదారు' అను నొక్క పేరే కలదు.

కులము పేరెత్తని శాసనము నిష్పక్షపాతమైనదని కొందరు సంతసింతురు. వారు అమెరికా చరిత్రను చదువవలెను. తెల్లవారు హెచ్చుగా నున్న వీధిలో నల్లవారు కాపురముండరాదన్న లూయీవిల్ నగరపు కట్టడిని 1917లో అచ్చటి సుప్రీంకోర్టు కొట్టివేసెను. పిదప కట్టడులలో రంగు మాట పోయి, స్థలమింత వైశాల్య ముండవలెను, ఒక యింట నొక్క కుటుంబమే యుండవలెను అను నిబంధనలు బలపడినవి. నల్లవాడు వెలుపలనే నిలిచెను. అంతదూర మేల? మన పల్లెలలో వెలివాడను ఏ పటము నిర్ణయించినది?

వరద భయము నిజమే. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ ప్రళయమున వేలకొలది జనులు మడిసిరి. నదీగర్భమున నెవ్వరు నుండరాదనుటకు మేమును సమ్మతింతుము. ఎచ్చటికి పంపుదురను దానియందే మా వివాదము. చాదర్‌ఘాట్ వారిలో కొందరికి చేరువనే, మలక్‌పేట పిల్లిగుడిసెలలో, రెండు పడకగదుల యిండ్లు లభించినవి. తల్లి పాచిపనికి నడిచిపోవచ్చును. బిడ్డ బడి మారదు. నగరపు పొలిమేరకు తరిమినచో ఆ యిల్లు మేడయైనను శిక్షయే. స్త్రీలకు బస్సు ఉచితమే గదా యందురు. తెల్లవారుజామున నాలుగింటికి బస్సెక్కడిది?

తొలగింపబడు కుటుంబము లెన్ని, ఏ కులములవారు, ఏ వృత్తులవారు, ఎంతదూరము పంపబడుదురు అను లెక్కను ప్రభుత్వము తెలుగునను ఉర్దూలోను అచ్చొత్తించి ప్రతి బస్తీలో ముందుగా అంటింపవలెను. 2024 నవంబరులో ఇంటింటికి తిరిగి కులగణన ప్రారంభించిన ప్రభుత్వమున కిది అసాధ్యము కాదు. ఆ లెక్క వెలువడువరకు ఏ గోడపైనను మరియొక గుర్తు పడరాదు.