విచారణలో తొందర, న్యాయంలో జాప్యం

అధ్యాపకునిపై విద్యార్థిని చేసిన ఫిర్యాదును ఆ విశ్వవిద్యాలయమే విచారించడమంటే, ఒక సంస్థ తనను తాను విచారించుకోవడమే. అందువల్ల ఇలాంటి ఫిర్యాదుల్లో తుది నిర్ణయానికి ఎంత ప్రాధాన్యం ఉందో, విచారణ జరిగిన తీరుకూ అంతే ప్రాధాన్యం ఉంది.

లైంగిక వేధింపుల ఫిర్యాదులకు సంబంధించి 2013 నాటి చట్టం, యూజీసీ 2015 నిబంధనలు ఈ తీరును స్పష్టంగా నిర్దేశించాయి. ఘటన జరిగిన మూడు నెలల్లోగా లిఖితపూర్వకంగా ఫిర్యాదు అందాలి. తగిన కారణం ఉంటే గడువును మరో మూడు నెలలు పొడిగించవచ్చు. అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఏడు రోజుల్లో దాని ప్రతిని ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి పంపాలి. ఆయన పది రోజుల్లో జవాబివ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఎవరూ అప్పీలు చేయకపోతే, సిఫార్సులపై యాజమాన్యం 30 రోజుల్లో చర్య తీసుకోవాలి. విచారణ సాగినంత కాలం ఆ అధ్యాపకుడు ఫిర్యాదుదారు జవాబుపత్రాలను దిద్దకుండా, పరిశోధనను మదింపు చేయకుండా నిలువరించే వీలు కూడా ఉంది.

కమిటీ స్వతంత్రంగా ఉండాలన్న ఉద్దేశంతోనే ఉపకులపతి, రిజిస్ట్రారు, డీన్లు, విభాగాధిపతులు అందులో సభ్యులుగా ఉండరాదన్న నియమం పెట్టారు. అయితే సభ్యుల్లో ఎక్కువమందిని నియమించేది యాజమాన్యమే. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఎన్నికైన ప్రతినిధులతో కూడిన పాత కమిటీని 2017లో రద్దుచేసినప్పుడు విద్యార్థులు, అధ్యాపకులు అభ్యంతరం తెలిపింది ఈ కారణంతోనే.

విధానం తప్పితే నష్టం ఇరుపక్షాలకూ తప్పదని గోవా విశ్వవిద్యాలయం ఉదంతం చాటింది. అక్కడి ఒక విభాగాధిపతిపై 2009లో విద్యార్థినుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. కమిటీ నివేదిక ఆధారంగా ఆయనను ఉద్యోగం నుంచి తొలగించారు. బాంబే హైకోర్టు 2012లో ఆ చర్యను సమర్థించింది. కానీ 2023 మే 12న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. కమిటీ వరుస సమావేశాలతో హడావిడిగా విచారణ ముగించిందని, తన వాదన వినిపించుకునేందుకు ఆయనకు తగిన వ్యవధి ఇవ్వలేదని తప్పుపట్టి, విచారణను తిరిగి కమిటీకే పంపింది. తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ ఈ ధర్మాసనంలో సభ్యురాలు. ఫిర్యాదుదారులకు న్యాయం చేయాలన్న ఆత్రుతే చివరకు వారికి మరింత నష్టం తెచ్చిందని ధర్మాసనం అభిప్రాయపడింది.

ఫిర్యాదు చేసిన 14 ఏళ్ల తరువాత ఆ విద్యార్థినుల ఎదుట మళ్లీ విచారణే మిగిలింది. సహజ న్యాయసూత్రాలను పాటించడమంటే నిందితుని పట్ల మెతకవైఖరి కాదు. బాధితురాలికి దక్కిన న్యాయం న్యాయస్థానంలో నిలబడాలంటే అదే ఆధారం. గడువుకు లోబడి పనిచేస్తూనే, ఉభయపక్షాల వాదనను పూర్తిగా విని నమోదు చేయగల శిక్షణను కమిటీ సభ్యులకు ఇవ్వవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలదే.