‘ఏం పని చేస్తావు?’ అని అడగని వైద్యం

పేలుడు జరిగితే తప్ప ఈ దేశంలో కార్మికుడి మరణం వార్త కాదు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని ఔషధ కర్మాగారంలో పేలుడు సంభవించి 40 మందికి పైగా బలైనప్పుడు ముఖ్యమంత్రి ఘటనాస్థలికి వచ్చారు. ప్రధానమంత్రి సంతాపం ప్రకటించారు. పరిహారాల ప్రకటనలు వెలువడ్డాయి. ఆ మాత్రం స్పందన ఉండవలసిందే. కానీ పని కారణంగానే, శబ్దం లేకుండా, ఏళ్ల తరబడి ఆయాసపడుతూ మరణించేవారి దగ్గరకు ఏ ప్రభుత్వమూ రాదు. వారు పని వల్ల చనిపోయారన్న సంగతి ఏ దస్త్రంలోనూ నమోదు కాదు.

గుజరాత్‌లోని గోధ్రా పరిసరాల్లో క్వార్ట్జ్ రాయిని పొడి చేసే కర్మాగారాలకు మధ్యప్రదేశ్‌లోని అలీరాజ్‌పూర్, ఝాబువా ప్రాంతాల ఆదివాసులు కూలికి వెళ్లారు. ఊపిరితిత్తుల నిండా సిలికా ధూళితో తిరిగి వచ్చారు. సిలికోసిస్‌కు చికిత్స లేదు. ఒకసారి గట్టిపడిన ఊపిరితిత్తి మళ్లీ మెత్తబడదు. వారి తరఫున 2006లో సుప్రీంకోర్టులో పిటిషన్ దాఖలైంది. చనిపోయిన 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షల రూపాయలు చెల్లించాలని 2016లో న్యాయస్థానం గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. పదేళ్లు పట్టింది. ఆ 238 మందిని లెక్కించడానికి సర్వోన్నత న్యాయస్థానం వరకు వెళ్లవలసి వచ్చిందంటే, న్యాయస్థానం గడప తొక్కని వారి లెక్క ఎవరి దగ్గర ఉంది?

ఎవరి దగ్గరా లేదు. అసలు సమస్య అదే. రాళ్లు కొట్టే మనిషి దగ్గుతూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళితే క్షయ మందులు ఇచ్చి పంపుతారు. మందులు పూర్తయ్యాక కూడా ఆయాసం తగ్గదు. మళ్లీ అవే మందులు. సిలికా ధూళి క్షయ ముప్పును పెంచుతుంది కనుక కొందరికి రెండు జబ్బులూ ఉంటాయి, ఒక్కదానికే పేరు పెడతారు. 2025 నాటికి క్షయను నిర్మూలిస్తామన్న కేంద్ర ప్రభుత్వ గడువు ఇలాగే దాటిపోయింది. ధూళిని వదిలేసి క్రిమిని మాత్రమే తరిమితే క్వారీ ఊళ్లలో క్షయ ఎలా పోతుంది?

రోగిని చూడగానే ‘ఏం పని చేస్తావు?’ అని కూడా అడగాలని ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే రాశాడు. మూడు శతాబ్దాలు గడిచాయి. భారతదేశంలో ఆ ప్రశ్నను విధిగా అడిగే వ్యవస్థ ఇంకా ఏర్పడలేదు. ఇక్కడ వృత్తి వ్యాధి కార్మిక శాఖ వ్యవహారం, ఊపిరితిత్తులు ఆరోగ్య శాఖ వ్యవహారం. ఈ రెండు శాఖల మధ్య పడిపోయిన మనిషిని ఎత్తుకునే నాథుడు లేడు.

చట్టాలు లేవా అంటే కొల్లలుగా ఉన్నాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను విధిగా తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. గుర్తించిన వైద్యుడు ఫ్యాక్టరీల ప్రధాన తనిఖీ అధికారికి రాయాలని ఆ చట్టం చెప్పేది. రాయకపోతే వెయ్యి రూపాయల వరకు జరిమానా ఉండేది. భోపాల్ విషాదం తర్వాత 1987లో చేసిన సవరణ, ప్రమాదకర ప్రక్రియలు సాగే కర్మాగారాల్లో క్రమం తప్పని వైద్య పరీక్షలను తప్పనిసరి చేసింది. ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా ఉద్యోగం ముగిశాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అప్పటివరకు ఆరోగ్య రికార్డులను భద్రపరచాలని యాజమాన్యాలను ఆదేశించింది. వానాకాలానికి వచ్చి వేసవికి వెళ్లిపోయే వలస కూలీకి, మేస్త్రీ చిట్టాలో తప్ప ఎక్కడా పేరు లేని మనిషికి, 40 ఏళ్ల రికార్డు ఎవరు దాస్తారు?

పెద్ద కర్మాగారాల్లో రికార్డు ఉన్నా దాన్ని రాసేది యజమాని జీతమిచ్చే వైద్యుడు. జబ్బును పైకి తెలియజేస్తే తనిఖీ వస్తుంది, పరిహారం కట్టాలి. తన అన్నదాత మీద తానే ఫిర్యాదు రాయమని చట్టం ఆ వైద్యుడిని కోరుతోంది. రాయకపోవడం ఆయన వ్యక్తిగత పిరికితనం అనుకుంటే పొరపాటు. ఏర్పాటే అలా ఉంది.

13 పాత చట్టాలను కలిపి 2020లో తెచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్షలన్నది ప్రభుత్వం ఘనంగా చాటుకుంటున్న అంశం. క్వార్ట్జ్ ధూళిలో పనిచేసే యువకుడికి జబ్బు ముదరడానికి కొన్నేళ్లు చాలు. అలాంటివాడు 40వ పుట్టినరోజు దాకా ఆగాలా? ప్రమాదకర ప్రక్రియలకు వేరే నిబంధనలు ఉన్నాయని సమర్థకులు అంటారు. ఉన్నాయి, నమోదైన కర్మాగారాలకు. అదే కోడ్ కర్మాగారం నిర్వచనాన్ని విద్యుత్తు వాడే చోట 10 మంది నుంచి 20కి, వాడని చోట 20 నుంచి 40కి పెంచింది. తనిఖీ అధికారి పేరుకు ‘ఫెసిలిటేటర్’ అన్న తోక తగిలించింది. ప్రమాదం ఎక్కువగా ఉండే చిన్న క్రషర్లను గడప బయట నిలబెట్టి లోపల మాత్రం దీపాలు వెలిగించారు.

చిన్న పరిశ్రమలు ఈ ఖర్చు భరించలేవన్నది మరో వాదన. ఖర్చు ఎలాగూ పడుతోంది. ఎవరి మీద అన్నదే ప్రశ్న. రాజస్థాన్ 2019 విధానం ప్రకారం సిలికోసిస్ నిర్ధారణ అయిన కార్మికుడికి 3 లక్షలు, మరణిస్తే కుటుంబానికి మరో 2 లక్షలు ప్రభుత్వం ఇస్తోంది. ఆదుకున్నందుకు ఆ రాష్ట్రాన్ని అభినందించాలి. అయితే ధూళి లేపినవాడు లాభం జేబులో వేసుకుంటే, ఊపిరితిత్తులకు ప్రజాధనం వెల కడుతోంది. రాయిని తొలిచేటప్పుడు నీళ్లు చల్లితే ధూళి చాలా వరకు అణగుతుంది. నీటి గొట్టం కంటే శవం చవకగా దొరికే చోట గొట్టం ఎవరు కొంటారు?

వృత్తి ఆరోగ్య సేవలపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985లోనే 161వ ఒప్పందాన్ని రూపొందించింది. సేవలందించే వైద్యుడు యజమాని నుంచి పూర్తి వృత్తి స్వాతంత్య్రంతో పనిచేయాలని, పరీక్షల వల్ల కార్మికుడికి వేతన నష్టం ఉండరాదని అది చెబుతుంది. భారత్ దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. ఫిన్లాండ్ 1978లోనే చట్టం చేసి, ఒక్క ఉద్యోగి ఉన్న యజమాని కూడా వృత్తి ఆరోగ్య సేవలు ఏర్పాటు చేయాలని నిర్దేశించింది. ఆ ఖర్చులో కొంత భాగాన్ని సామాజిక బీమా తిరిగి చెల్లిస్తుంది. సంపన్న దేశంతో పోలికా అని నొసలు చిట్లించనక్కరలేదు. స్వతంత్ర వైద్యుడు, అందరి వాటాతో నడిచే నిధి అన్న సూత్రానికి సంపద అడ్డం రాదు.

ఇక్కడ కావలసిన సామగ్రి చాలావరకు సిద్ధంగానే ఉంది. ఈ-శ్రమ్ పోర్టల్‌లో 30 కోట్లకు పైగా అసంఘటిత కార్మికులు తమ వృత్తులతో సహా నమోదయ్యారు. పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలున్నాయి. ఎవరు ఏ పని చేస్తారో ఒక శాఖకు తెలుసు, ఎవరు దగ్గుతున్నారో మరో శాఖకు తెలుసు. ఈ రెండింటినీ కలపాలి. ఆరోగ్య కేంద్రంలోని ప్రతి చీటీ మీద వృత్తి అన్న గడి ఉండాలి. రాయి, గాజు, ఇటుక, పత్తి ధూళిలో పనిచేసేవారికి వయసుతో నిమిత్తం లేని ఛాతీ ఎక్స్‌రే అందాలి. వైద్యుడి జీతం యాజమాన్యాల నుంచి వసూలు చేసే ఉమ్మడి నిధి నుంచి రావాలి. రికార్డు కార్మికుడి చేతిలో ఉండాలి. జబ్బు బయటపడగానే పని నుంచి తీసేయడానికి అది సాకు కాకూడదు. కోడ్‌కు అనుబంధ నియమాలు రాసే అధికారం రాష్ట్రాలకూ ఉంది. పాశమైలారం, అచ్యుతాపురం మృతులకు సంతాపం తెలిపిన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఈ పని మొదలుపెట్టడానికి ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు.

‘ఏం పని చేస్తావు?’ అన్న ప్రశ్నకు ఖర్చు లేదు. వచ్చిన జవాబును కాగితం మీద పెడితే మాత్రం ఎవరో ఒకరు బాధ్యత వహించవలసి వస్తుంది. అడగకపోవడానికి కారణం మరొకటి వెతకనక్కరలేదు.