జిమ్ కుర్రాళ్ల అమైనో డబ్బా: లాభమెంత, నష్టమెంత?

హైదరాబాద్ పాతబస్తీ నుంచి కర్నూలు, గుంటూరు దాకా ఇప్పుడు ఏ గల్లీకి వెళ్లినా ఒక జిమ్ కనబడుతోంది. ఒకప్పుడు తాలీంలో పహిల్వాన్లు పాలు, బాదం, గుడ్లు తిని కసరత్తు చేసేవాళ్లు. ఇప్పటి కుర్రాళ్ల చేతిలో రంగునీళ్ల షేకర్ బాటిల్ ఉంటోంది. అందులో కలిపేది చాలాసార్లు బీసీఏఏ లేదా ఈఏఏ అని రాసి ఉన్న అమైనో యాసిడ్ పొడి. కోచ్ చెప్పాడు, రీల్‌లో చూశాడు, కొనేశాడు. ఇంట్లో అమ్మీ, అబ్బాలకు మాత్రం రెండే ప్రశ్నలు. దీనివల్ల మేలు ఉందా? ప్రమాదం ఏమైనా ఉందా?

సూటిగా చెప్పాలంటే, కడుపునిండా సరైన తిండి తినే ఆరోగ్యవంతుడికి ఈ పొడితో వచ్చే లాభం చాలా తక్కువ. ప్రమాదం కూడా అమైనో యాసిడ్ కంటే, డబ్బాలో మనకు తెలియకుండా కలిసే సరుకుతోనే ఎక్కువ.

అసలు ఏమిటిది?

మాంసం, గుడ్డు, పప్పు, పాలలో ఉండే ప్రొటీన్ కడుపులో అరిగి అమైనో యాసిడ్లుగా విడిపోతుంది. శరీరం తన ప్రొటీన్లను కట్టుకోవడానికి 20 రకాల అమైనో యాసిడ్లు వాడుకుంటుంది. వాటిలో 9 మాత్రం ఒంట్లో తయారు కావు, తిండి నుంచే రావాలి. ఈ తొమ్మిదీ కలిపితే ఈఏఏ. అందులో ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే మూడింటినీ విడిగా అమ్మితే బీసీఏఏ.

కండ తయారీ పని మొదలుపెట్టించేది ల్యూసిన్ అన్నమాట నిజమే. అయితే ప్రకటనలు అక్కడితో ఆగిపోతాయి. మేస్త్రీ పనికి వచ్చినా ఇటుకలు లేకపోతే గోడ లేవదు కదా! మిగతా ఆరు అమైనో యాసిడ్లు కూడా అందితేనే కండ పెరుగుతుంది. బీసీఏఏ ఒక్కటే తీసుకుంటే మనిషిలో కండ పెరుగుతుందనే వాదనకు ఆధారం లేదని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ వుల్ఫ్ 2017లో రాసిన సమీక్షలో తేల్చారు. కసరత్తు తర్వాత ఒళ్లునొప్పులు కొంత తగ్గవచ్చని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. అంతకుమించి ఆశపడక్కర్లేదు. ఈఏఏ బీసీఏఏ కంటే నయం, ఎందుకంటే అందులో తొమ్మిదీ ఉంటాయి. కానీ గుడ్డులో, పాలలో, చికెన్‌లో కూడా ఆ తొమ్మిదీ ఉన్నాయి.

ఇదే అరలో దొరికే బీటా అలనిన్ ఒకటి నుంచి నాలుగు నిమిషాలపాటు సాగే గట్టి కసరత్తులో కొద్దిగా పనికొస్తుంది. అది తాగితే ఒళ్లు జివ్వుమన్నట్టు అనిపిస్తుంది, అది హానికరం కాదు. బలం పెంచడంలో ఎక్కువ ఆధారం ఉన్నది క్రియాటిన్‌కే. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు 3 నుంచి 5 గ్రాములు సాధారణంగా సురక్షితమే.

మన తార్నాక సంస్థ ఏమంది?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2024 మేలో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు విడుదల చేశాయి. కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దని అందులో స్పష్టంగా చెప్పారు. ఇలాంటి పొడుల్లో చక్కెర, కృత్రిమ తీపి, ఫ్లేవర్లు కలిపి ఉండవచ్చని హెచ్చరించారు. బరువులెత్తే కసరత్తు చేసేవాళ్లు కూడా కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాములకు మించి ప్రొటీన్ తీసుకుంటే అదనపు లాభం లేదని చెప్పారు. మామూలు మనిషికి కావాల్సింది కిలోకు 0.83 గ్రాములే.

ఈ లెక్కన 60 కిలోల కుర్రాడికి మామూలుగా 50 గ్రాములు, గట్టిగా కసరత్తు చేస్తే ఎక్కువలో ఎక్కువ 96 గ్రాములు చాలు. మూడు గుడ్లతో 18 గ్రాములు వస్తాయి. 150 గ్రాముల చికెన్‌తో సుమారు 30, రెండు గ్లాసుల పాలు లేదా పెరుగుతో 16, ఒక కప్పు పప్పుతో 7, గుప్పెడు పల్లీలతో మరో 7. రోజంతా తినే అన్నం, రొట్టెల్లో ఇంకో 20 దాకా ఉంటాయి. లెక్క సరిపోయింది, డబ్బా అవసరమే రాలేదు. రంజాన్‌లో తినే హలీమ్‌నే చూడండి. గోధుమ, పప్పు, మాంసం ఒకదాని లోటును ఒకటి తీరుస్తాయి. మాంసం కొనలేని రోజున కూడా ధాన్యం మూడు పాళ్లు, పప్పు ఒక పాలు కలిపి తింటే మంచి ప్రొటీన్ అందుతుంది.

డబ్బా లోపల ఏముంది?

అసలు భయపడాల్సింది ఇక్కడే. కేరళ డాక్టర్లు మరికొందరు పరిశోధకులతో కలిసి మన దేశంలో అమ్ముతున్న 36 ప్రొటీన్ పొడులను పరీక్షించి, 2024లో మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 70 శాతం డబ్బాల్లో లేబుల్ మీద రాసిన ప్రొటీన్ లెక్క తప్పు. సుమారు 14 శాతంలో బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం, 8 శాతంలో పురుగుమందు అవశేషాలు కనబడ్డాయి.

అమైనో యాసిడ్ల విషయంలో ప్రపంచం మరిచిపోకూడని పాఠం 1989లో జరిగింది. అమెరికాలో నిద్ర కోసం, దిగులు తగ్గడం కోసం ట్రిప్టోఫాన్ బిళ్లలు వాడినవాళ్లలో 1500 మందికి పైగా తీవ్రమైన కండరాల నొప్పుల జబ్బు పాలయ్యారు. 30 మందికి పైగా చనిపోయారు. చాలా కేసులు జపాన్‌లోని ఒకే కంపెనీ సరుకుతో, అందులోని కల్తీ పదార్థాలతో ముడిపడినట్టు దర్యాప్తులో తేలింది.

ఇంకో సంగతి. పొడితో మొదలైన కుర్రాడిని కొందరు మెల్లగా సూది దాకా తీసుకెళ్తారు. ఆపరేషన్ సమయంలో పడిపోయిన బీపీని పెంచడానికి వాడే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్‌ను జిమ్ యువకులకు దొంగచాటుగా అమ్ముతున్నవాళ్లను హైదరాబాద్‌లో పోలీసులు, డ్రగ్ కంట్రోల్ అధికారులు పట్టుకున్నారు. ఇది గుండెతో చెలగాటమే. కాబట్టి పిల్లాడి బ్యాగులో ఏ డబ్బా ఉందో అడగడం అనుమానం కాదు, అబ్బా బాధ్యత.

ఎవరు దూరంగా ఉండాలి?

గుండెపోటు వచ్చినవాళ్లకు ఆర్జినిన్ మేలు చేస్తుందేమోనని అమెరికాలో 153 మందిపై పరీక్ష చేశారు. ఆర్జినిన్ తీసుకున్నవాళ్లలో ఆరుగురు చనిపోయారు, తీసుకోనివాళ్లలో ఒక్కరూ పోలేదు. పరీక్షను మధ్యలోనే ఆపేసి 2006లో ఫలితాలు వెల్లడించారు. బలహీనతకు అని చెప్పి తాతగారికి కొనివ్వాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. రక్తంలో బీసీఏఏ ఎక్కువగా ఉన్నవాళ్లలో షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని పరిశోధనలు చూపించాయి. కారణం ఇదేనని ఇంకా రుజువు కాలేదు. అయినా షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్త పడటమే మంచిది. మరోవైపు కాలేయం బాగా దెబ్బతిని మెదడు మందగించే రోగులకు డాక్టర్లే బీసీఏఏ రాస్తారు. అది వైద్యం, దాన్ని జిమ్ సలహాతో కలపకూడదు.

కొనే ముందు చూడాల్సినవి

కొనక తప్పదనుకుంటే లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్, హెల్త్ సప్లిమెంట్ అనే మాట ఉన్నాయో లేదో చూడండి. ఏ అమైనో యాసిడ్ ఎన్ని గ్రాములో విడివిడిగా రాయకుండా అంతా కలిపి బ్లెండ్ అని రాస్తే వదిలేయండి. పోటీలకు వెళ్లే ఆటగాళ్లు డోపింగ్ పరీక్ష జరిగిన బ్యాచ్ మాత్రమే తీసుకోవాలి. నిషేధిత పదార్థం ఒంట్లో దొరికితే, డబ్బాలో ఉందని నాకు తెలియదంటే చెల్లదు.

హలాల్ సంగతి కూడా తేలిగ్గా తీసుకునేది కాదు. క్యాప్సూల్ పైపొర చాలాసార్లు జంతువుల జెలటిన్‌తో చేస్తారు. సిస్టీన్ లాంటివి ఈకలు, వెంట్రుకల నుంచి కూడా తీస్తారు, మొక్కజొన్న చక్కెరను పులియబెట్టి కూడా చేస్తారు. హలాల్ ముద్ర లేకపోతే ఆకుపచ్చ చుక్క చూడండి. అది ఉంటే జెలటిన్ లేనట్టే. మిగతా సందేహం ఉంటే మూలం ఏమిటని కంపెనీని అడగండి, జవాబు రాకపోతే కొనకండి.

చివరిగా ఇంటి లెక్క ఒకటి. వయసు మీదపడేకొద్దీ కండ కరిగిపోతుంది, ప్రొటీన్ అవసరం పెరుగుతుంది. అరవై దాటినవాళ్లకు కిలోకు కనీసం ఒక గ్రాము కావాలని నిపుణులు అంటారు. చాలా ఇళ్లలో నానీ చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని పూట గడిపేస్తుంది, అమ్మీ అందరూ తిన్నాక మిగిలిన సాలన్‌తో సరిపెట్టుకుంటుంది. ఇంట్లో ప్రొటీన్ నిజంగా తక్కువ పడుతున్నది వాళ్లిద్దరికే. డబ్బాకు పెట్టే రెండు వేలతో నెలంతా రోజూ వాళ్లిద్దరి పళ్లెంలో గుడ్డు, గ్లాసులో పాలు పెట్టవచ్చు. ఆ గుడ్డులోనూ తొమ్మిది అమైనో యాసిడ్లూ ఉన్నాయి.