"వారానికోసారి స్టార్టు చేసి ఉంచు, ప్లీజ్!"

డిసెంబరు వచ్చిందంటే మిన్నెసోటాలో మనవాళ్ళ మధ్య ఒక మెసేజి తప్పకుండా తిరుగుతుంది. "బాబాయ్, ఇండియా వెళ్తున్నాం. తాళాలు నీకిస్తాను. వారానికోసారి వెళ్ళి కారు పది నిముషాలు స్టార్టు చేసి ఉంచు, ప్లీజ్." అడిగేవాడికి మొహమాటం, ఒప్పుకున్నవాడికి మైనస్ ఇరవైలో చేతులు కొంకర్లు. (నాకూ ఏటా వస్తుంది లెండి, అందుకే ఈ ఆవేశం.) నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: ఆ సాయం వల్ల కారుకి మేలు కంటే కీడే ఎక్కువ. ఆర్నెల్లు ఎవ్వరూ ముట్టుకోకపోయినా పాడవకుండా కారుని సిద్ధం చేసి వెళ్ళాలి గానీ, స్నేహితుణ్ణి దానికి నర్సుగా పెట్టకూడదు.

పది నిముషాల ఐడ్లింగులో అసలు ఏం జరుగుతుందో చూడండి. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీళ్ళు పుడతాయి. ఇంజిన్ బాగా వేడెక్కి ఉంటే అది ఆవిరై బయటికి పోతుంది. గడ్డకట్టే చలిలో, కదలకుండా నిలబెట్టిన బండిలో పది నిముషాలకి ఆయిలూ వేడెక్కదు, సైలెన్సరూ వేడెక్కదు. ఆ నీరు లోపలే చేరి తుప్పుకి పెట్టుబడి అవుతుంది. చల్లటి ఇంజిన్ పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది, అందులో కొంత సిలిండరు గోడల మీంచి జారి ఆయిల్లో కలుస్తుంది. పోనీ బ్యాటరీ అన్నా బాగుపడుతుందా అంటే, చలికి బిగుసుకుపోయిన బ్యాటరీ చార్జింగు నెమ్మదిగా తీసుకుంటుంది. స్టార్టింగుకి ఖర్చయిందీ, ఆ వారమంతా ఊరికే కారిపోయిందీ కలిపి పది నిముషాల్లో తిరిగి రాదు. మన భాషలో చెప్పాలంటే, సర్వర్ సగం బూట్ అయ్యాక ప్లగ్గు పీకేయడం, అదీ వారం వారం!

సదరు స్నేహితుడు కారుని హైవే మీద అరగంట తిప్పి తెస్తే వేరే సంగతి. అంత ఓపిక ఎవరికుంది?

మాది జలంత్రకోట వైపు. మా తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. బారువ, భావనపాడు, మంచినీళ్ళపేట, ఎక్కడికెళ్ళినా పడవలు ఒడ్డెక్కి ఉంటాయి. నేను చూసినంతలో ఏ మత్స్యకారుడూ వారానికోసారి ఇంజిన్ స్టార్టు చెయ్యడానికి ఇసకలో నడిచి వెళ్ళడు. విప్పి, మంచినీళ్ళతో ఉప్పు పోయేదాకా కడిగి, ఆరబెట్టి, ఇంట్లో గోనెపట్టా కప్పి పెడతాడు. ఒకాయన్ని అడిగితే, "పనిలేనప్పుడు దాన్ని కెలకడమెందుకు బాబూ, ఉప్పు వదిలిందా లేదా అన్నదే సూసుకోవాల" అన్నాడు.

నౌపడ ఉప్పుమళ్ళు చూస్తూ పెరిగినవాళ్ళకి ఉప్పు సంగతి వేరే చెప్పాలా? ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద చల్లేది కూడా అదే ఉప్పు, కారు అడుగుభాగమంతా పట్టేస్తుంది. కాబట్టి వెళ్ళేముందు, కాస్త ఎండ కాసిన రోజు చూసి, కింద నుంచి కొట్టే కార్‌వాష్‌లో కడిగించండి. తర్వాత కొంతదూరం నడిపి ఆరనివ్వండి. హీటింగ్ ఉన్న గరాజులో పెట్టేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. బయట మంచులో గడ్డకట్టి ఉన్న ఉప్పు కంటే వెచ్చటి గరాజులో తడిసిన ఉప్పు త్వరగా తినేస్తుంది.

ఇక బ్యాటరీ లెక్క. కారు ఆపేసినా అలారం, కంప్యూటర్లు కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. రోజుకి 1.2 ఆంపియర్-అవర్లు. 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 50 రోజుల్లో ఖాళీ. ఆ గడువు రాకముందే చలికి స్టార్టు అవ్వడం మానేస్తుంది. అసలు ప్రమాదం అది కాదు. నిండుగా చార్జయిన బ్యాటరీ మైనస్ 50లో కూడా గడ్డకట్టదు, పూర్తిగా దిగిపోయినది మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి పగలొచ్చు. గరాజులో ప్లగ్గుంటే బ్యాటరీ మెయింటెయినర్ తగిలించి మర్చిపోండి. లేదంటే నెగటివ్ తీగ విప్పండి, చాలా కార్లకి 10 నంబరు స్పానరు చాలు. అప్పుడు రిమోట్ పనిచెయ్యదు, కాబట్టి తలుపు మామూలు తాళంచెవితో తెరుచుకుంటోందో లేదో ముందే చూసుకోండి. టెస్లా వాళ్ళకి ఇదంతా వర్తించదు. ప్లగ్గులో ఉంచి, చార్జి పరిమితి సగానికి తగ్గించి, సెంట్రీ మోడ్ ఆపేస్తే సరి.

మిగతావి తేలిక. ట్యాంకు నింపి ఫ్యూయెల్ స్టెబిలైజర్ పోసి, అది ఇంజిన్ దాకా చేరేలా కాస్త నడపండి. పాత ఆయిల్లో ఆమ్లాలు చేరి ఉంటాయి, మార్పించేదేదో వెళ్ళేముందే మార్పించండి. ప్రతి పది ఫారెన్‌హీట్ డిగ్రీల చలికీ టైర్లలో సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది, గాలి చూసుకోండి. హ్యాండ్‌బ్రేకు వెయ్యకండి, పట్టేస్తుంది. పార్క్‌లో పెట్టి చక్రాల కింద చెక్కముక్కలు చాలు. అమ్మ పంపిన పలాస జీడిపప్పు పొట్లం సీటు కింద ఉండిపోయిందేమో వెతకండి. ఎలకలు దాన్ని తిని ఊరుకోవు, వైర్లూ కొరుకుతాయి.

"మూడు వారాల ట్రిప్పుకి ఇంత హంగామా ఎందుకు?" అంటారా? మూడు వారాలని మీరనుకుంటే సరిపోయిందా! 2020 మార్చిలో విమానాలు ఆగిపోయి ఎంతమంది ఇరుక్కుపోయారో గుర్తుందిగా. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వాళ్ళ సోషల్ మీడియా పరిశీలన మొదలయ్యేసరికి, స్టాంపింగుకి వెళ్ళిన చాలామంది ఇంటర్వ్యూలు 2026 మార్చికో ఇంకా ఆ తర్వాతకో జరిగాయి. నాకు తెలిసిన ఒకతను టెక్కలిలో కూర్చుని జీతం ఉంటుందా ఊడుతుందా అని లెక్కలు వేసుకుంటుంటే, ఇక్కడి అపార్ట్‌మెంటు వాళ్ళు "మంచు తియ్యాలి, కారు జరపండి, లేకపోతే టో చేస్తాం" అని ఈమెయిలు. తాళాలు సూట్‌కేసులో ఉన్నాయి, టెక్కలిలోనే!

అందుకని తాళం స్నేహితుడికి ఇవ్వండి, స్టార్టు చెయ్యడానికి కాదు, ఇలాంటప్పుడు జరపడానికి. తీగ విప్పి ఉంటే ఆ స్పానరు కూడా ఇచ్చి, ఎలా తగిలించాలో ఒకసారి చూపించండి. కుదిరితే గరాజున్న వాళ్ళింట్లో పెట్టండి. ఇన్సూరెన్సు మొత్తం రద్దు చేసుకుని డబ్బు మిగిల్చామని సంబరపడకండి. నిలబడి ఉన్న కారునీ దొంగ ఎత్తుకుపోగలడు, చెట్టుకొమ్మా విరిగి మీద పడగలదు. కాంప్రెహెన్సివ్ ఉంచి మిగతాది తగ్గించొచ్చేమో ఏజెంటుని అడగండి. రాష్ట్రాన్ని బట్టి రూలు మారుతుంది, కారు మీద లోను ఉంటే బ్యాంకు అసలు ఒప్పుకోదు.

తిరిగొచ్చాక టైర్లు చూసి, బానెట్ ఎత్తి ఎలక గూడు ఉందేమో చూసి, అప్పుడు తీగ తగిలించండి. మొదటి నాలుగైదు బ్రేకులకి గరగరమని చప్పుడొస్తుంది. డిస్కుల మీద పైపై తుప్పు అది, దానంతట అదే పోతుంది.