వ్యాఖ్యాతల తక్కెడ

తక్కెడలో మోసమున్నప్పుడు సరకును నిందించి ప్రయోజనము లేదు. అంగడివాడు ఒకే బెల్లపుదిమ్మను ఉదయము ఒక రాతితోను, మధ్యాహ్నము వేరొక రాతితోను, సాయంకాలము మూడవ రాతితోను తూచి, బెల్లము బరువే పూటపూటకు మారుచున్నదని చెప్పినచో పల్లెటూరి రైతుసైతము నమ్మడు. ఆ రాళ్లనొకసారి చూపుమని అడుగును. కాని లోకమందెల్ల మిక్కిలి తెలివిగలవారని పేరువడసిన అమెరికా రాజకీయ వ్యాఖ్యాతలు 2015, 2016 సంవత్సరములలో ఒకే మనుష్యుని అయిదు రాళ్లతో అయిదుమారులు తూచిరి. బరువు మారినప్పుడెల్ల మనుష్యుడే మారెనని చదువరులకు బోధించిరి. ఆ మనుష్యుడు డొనాల్డ్ ట్రంపుగారు. ఆయన మంచిచెడ్డల విచారణ నేటి మా యుద్దేశము కాదు. తూచినవారి విచారణయే మా యుద్దేశము.

2015 జూన్ 16వ తేదీన ట్రంపుగారు న్యూయార్కు నగరమునందలి తమ మేడలో కదలెడు మెట్లమీదుగా దిగివచ్చి, రిపబ్లికను పక్షమున అధ్యక్షపదవికి పోటీచేయుచున్నామని ప్రకటించిరి. మెక్సికోనుండి వచ్చువారిలో నేరస్థులున్నారనియు, మానభంగములు చేయువారున్నారనియు, సరిహద్దున గొప్ప గోడ కట్టించి దాని వ్యయమును ఆ దేశముచేతనే ఇప్పింతుమనియు ఆ మొదటి యుపన్యాసముననే పలికిరి. ఆయన తమ్ము తాము దాచుకొనలేదు. తరువాతి పదియేడు మాసములలో పలికినదెల్ల ఆనాటి పల్లవికి చరణములే. సరకంతయు మొదటి దినముననే అంగడి ముందర పరచబడెను. తూచుట యొక్కటియే తరువాయి.

మొదటి రాయి పరిహాసము. హఫింగ్టన్ పోస్టు అను పత్రిక ఆ జూలైలో, ఇది రాజకీయము కాదు, వట్టి వినోదమని నిర్ణయించి, ట్రంపుగారి వార్తలను సినిమాతారల కబుర్లుండు పుటలలోనికి త్రోసెను. ఆ నెలలోనే, వియత్నాము యుద్ధమున అయిదేండ్లకు పైగా శత్రువుల చెరలో మ్రగ్గిన సెనేటరు జాన్ మెకెయినును తూలనాడి, శత్రువుకు పట్టుబడనివారే తమకిష్టులని ట్రంపుగారనిరి. ఇక ఆయన పని ముగిసెనని వ్యాఖ్యాతలు తీర్పుచెప్పిరి. న్యూయార్కు పోస్టు పత్రిక తన మొదటి పుటమీదనే ఆయనకు వీడ్కోలు పలికెను. వాషింగ్టన్ పోస్టు వ్యాఖ్యాత డేనా మిల్‌బ్యాంకు, రిపబ్లికనులు ఈయననే అభ్యర్థిగా నిలిపినచో తన వ్యాసమచ్చయిన కాగితమును తానే భక్షింతునని అక్టోబరులో ప్రతినపట్టెను. తోలుబొమ్మలాటలో కేతిగాడు తెరమీదికి వచ్చినప్పుడు జనులు నవ్వినట్లు వీరు నవ్విరి. కేతిగానికి వోటు వేయుదుమని నిలుచున్న లక్షలాది జనులెవరు, వారి మనసులో నున్నదేమి యని విచారించినవారు తక్కువ.

నవ్వు రాబడియైనంతనే రెండవ రాయి వచ్చెను. అది వర్తకపు రాయి. ట్రంపుగారి సభ జరిగినచో జనులు టెలివిజను ముందు కూర్చుందురు. జనులు కూర్చున్నచో ప్రకటనల సొమ్ము వచ్చును. సి.బి.యస్. సంస్థాధిపతి లెస్లీ మూన్‌వెస్ 2016 ఫిబ్రవరిలో మదుపుదారుల సభలో, ఈ సంరంభము అమెరికాకు మేలు కాకపోవచ్చునుగాని తన సంస్థకు మిక్కిలి మేలని నిస్సంకోచముగ చెప్పెను. ఆ మార్చి 15వ తేదీ రాత్రి సెనేటరు బెర్నీ శాండర్సు వేలాది జనులనుద్దేశించి ఉపన్యసించుచుండ, వార్తాప్రసార సంస్థలు ఆయనను విడిచి, ట్రంపుగారింకను రాని యొక ఖాళీ వేదికను చూపుచు నిరీక్షించెను. ఆ ఫిబ్రవరి చివరకు ట్రంపుగారు ప్రకటనలకు వెచ్చించినది ఇంచుమించు 1 కోటి డాలర్లు. పత్రికలును టెలివిజనులును ఆయనకు ఉచితముగ ఇచ్చిన ప్రచారపు వెల 190 కోట్ల డాలర్లని లెక్కగట్టిరి. పగలు వినోదమని వెక్కిరించి, రాత్రి ఆ వినోదమునకే టిక్కెట్లమ్ముకొన్న ఘనత వీరిది. తొలినాళ్లలో ఆయన సభలను మితిమీరి ప్రసారము చేసితిమని సి.యన్.యన్. అధిపతి జెఫ్ జుకర్ ఒప్పుకొనునప్పటికి అక్టోబరు వచ్చెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయన నిదియే.

మూడవ రాయి ఆశ్చర్యము. రాష్ట్రము వెంట రాష్ట్రము ట్రంపుగారి వశమగుచుండ, కేతిగాడు ప్రజల నాడి నెరిగిన మహామేధావి యయ్యెను. తొమ్మిది మాసముల క్రిందట మొదటి పుటమీద వీడ్కోలు పలికిన న్యూయార్కు పోస్టు పత్రికయే ఏప్రిల్ 14వ తేదీన, న్యూయార్కు రాష్ట్రపు రిపబ్లికనులు ట్రంపుగారికే వోటు వేయవలెనని సలహా చెప్పెను. నడుమ మెకెయిను చెరసాల చరిత్ర ఏమైనను మారెనా? ట్రంపుగారు క్షమాపణ చెప్పిరా? రెండును లేవు. మారినది వోట్ల లెక్క యొక్కటియే. అంతేకాదు, ఆయన ఇకనుండి మాట తగ్గించి పదవికి తగిన గాంభీర్యము వహింతురని వారమువారము జోస్యము చెప్పువారు బయలుదేరిరి. కాగితము చూచి ఒక యుపన్యాసము చదివినచో గాంభీర్యము వచ్చెననిరి. మరునాడు పాతమాటలే పలికినచో పోయెననిరి. మిల్‌బ్యాంకు మే మాసమున తన వ్యాసమును నిజముగనే వండించుకొని భుజించెను. గణాంకవేత్త నేట్ సిల్వర్, తాను అంకెలను విడిచి వట్టి వ్యాఖ్యాతవలె ప్రవర్తించి పొరబడితినని ఆ మాసముననే వ్రాసెను. ఈ యిరువురికి మా నమస్కారము. తక్కినవారు ఆ మాత్రము కూడ చేయలేదు.

నాలుగవ రాయి భయము. జూలైలో క్లీవ్లెండు మహాసభ ట్రంపుగారిని అభ్యర్థిగా వరించిన తరువాత, పత్రికలకు దేశోపద్రవము కానవచ్చెను. 1890లో స్థాపితమైన నాటినుండి డెమొక్రాటిక్ పక్షపు అధ్యక్షాభ్యర్థిని ఒక్కసారియైన బలపరచని అరిజోనా రిపబ్లిక్ పత్రిక హిల్లరీ క్లింటనుగారిని బలపరచెను. ఎన్నడును అధ్యక్షాభ్యర్థులనుగూర్చి తీర్పుచెప్పని యు.యస్.ఏ. టుడే పత్రిక, ట్రంపుగారికి వోటు వేయవద్దని వ్రాసెను. విశేషవ్యాప్తిగల నూరు పత్రికలలో 57 క్లింటనుగారి పక్షమున నిలువ, ట్రంపుగారి పక్షమున నిలిచినవి రెండే. ఆ హెచ్చరికలు యథార్థములే కావచ్చును. కాని మన పిల్లలకు చెప్పు కథలో పశులకాపరి మొదట పరిహాసమునకు 'నాన్నా, పులి!' యని అరచెను. పులి నిజముగ వచ్చిన దినమున వాని కేక ఎవ్వరు నమ్మలేదు. ఈ వ్యాఖ్యాతలు అంతకన్న వింతపని చేసిరి. మొదట పులిని చూచి పిల్లి యనిరి. తరువాత దానిని ఊరూర త్రిప్పి డబ్బులు దండిరి. అది ఇంటి గుమ్మమెక్కిన పిమ్మట పులి యని కేకలు వేసిరి. జనులు లేచి రాలేదని ఇప్పుడు జనులనే నిందింతురా?

అయిదవ రాయి గర్వము. నవంబరు 8వ తేదీనాడు క్లింటనుగారి గెలుపునకు నూటికి 85 పాళ్లు అవకాశమున్నదని న్యూయార్కు టైమ్సును, 98 పాళ్లున్నదని హఫింగ్టన్ పోస్టును లెక్కలు చూపెను. 71 పాళ్లే యని జాగ్రత్తగ చెప్పిన సిల్వరును, ట్రంపుగారికి అనుచితముగ బలము చూపుచున్నాడని అంతకు కొలది దినములముందే హఫింగ్టన్ పోస్టువారు గద్దించిరి. తెల్లవారునప్పటికి ట్రంపుగారు జయించిరి. దేశమంతట 28 లక్షలకు పైగా వోట్లు క్లింటనుగారికే అధికముగ వచ్చినను, విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా రాష్ట్రములు మూడింటిలో కలిపి 80 వేలకు లోబడిన వోట్ల తేడా ఫలితమును నిర్ణయించెను. కొలది దినములకు న్యూయార్కు టైమ్సు ప్రకాశకుడును సంపాదకుడును, నిజాయితీతో వార్తలు సేకరించు పనికి తాము మరల అంకితులమగుదుమని చదువరులకు లేఖ వ్రాసిరి. ఆ సంకల్పము ఎన్నికకు ముందుండినచో లేఖతో పనియేలేకుండెడిది.

వ్యాఖ్యాతల పక్షమున ఒక సమాధానము గలదు. సంగతులు మారినప్పుడు అభిప్రాయము మారుట దోషమా యని వారడుగుదురు. దోషము కాదు, గుణమే. 2016 అక్టోబరు 7వ తేదీన, స్త్రీలనుగూర్చి ట్రంపుగారు నీచముగ పలికిన పాత సంభాషణ బయటపడినప్పుడు దానినిబట్టి అభిప్రాయము సవరించుకొన్నవారిని మేము తప్పుపట్టము. అది ఆయన శీలమునుగూర్చిన క్రొత్త సాక్ష్యము. కాని పరిహాసమునుండి ఆశ్చర్యమునకు పోవుటకు వీరికి లభించిన సాక్ష్యమేది? వోట్లు. వోట్లు వోటరులనుగూర్చి సాక్ష్యము చెప్పునుగాని అభ్యర్థి యోగ్యతనుగూర్చి చెప్పవు. 'ఈయన గెలుచునా?' యనునది ఒక ప్రశ్న. 'ఈయన తగునా?' యనునది వేరొక ప్రశ్న. మొదటిది జోస్యుని పని, రెండవది విమర్శకుని పని. గెలుపుగుఱ్ఱమునకు మంచి లక్షణములను, ఓడుగుఱ్ఱమునకు చెడ్డ సుడులను కల్పించి, ఈ రెండు ప్రశ్నలను ఒక్కటిగ చేయుటయే వీరి మూలదోషము. తక్కెడలోని మోసమిదియే.

ఇది ట్రంపుగారితో పుట్టిన వ్యాధియు కాదు, ఒక్క పక్షమునకు చెందిన వ్యాధియు కాదు. 1948లో న్యూస్‌వీక్ పత్రిక 50 మంది ప్రముఖ రాజకీయ లేఖకులనడుగగా 50 మందియు డ్యూయీగారే గెలుతురనిరి. చికాగో ట్రిబ్యూన్ పత్రిక వోట్ల లెక్క పూర్తికాకముందే డ్యూయీ విజయమును అచ్చువేసెను. గెలిచినది ట్రూమనుగారు. ఆయన ఆ పత్రికను చేతబట్టి నవ్వుచు నిలిచిన ఛాయాచిత్రము నేటికిని వ్యాఖ్యాతల వృత్తికి ముద్రవలె నున్నది. 2024లో అదే కథ డెమొక్రాటిక్ పక్షమున జరిగెను. బైడెనుగారి బుద్ధి మునుపెన్నడు లేనంత చురుకుగ నున్నదని టెలివిజను వ్యాఖ్యాత జో స్కార్బరో మార్చిలో ఘంటాపథముగ చెప్పెను. జూన్ 27వ తేదీన అట్లాంటా నగరమున జరిగిన వాగ్వాదములో 81 ఏండ్ల ఆ వృద్ధుడు తడబడగనే, మరునాటి యుదయము ఆయనకు బదులు వేరొకరిని ఆలోచింపవలెనని ఆ నోరే పలికెను. న్యూయార్కు టైమ్సు సంపాదకవర్గము ఆయనను పోటీనుండి తప్పుకొమ్మని ఆ దినముననే వ్రాసెను. ఆ వృద్ధాప్యము ఒక్క రాత్రిలో వచ్చెనా? జూలై 21వ తేదీన ఆయన తప్పుకొనగా, కమలా హారిసుగారు నిలిచిరి. ఉపాధ్యక్షాభ్యర్థిత్వమునకైన ఆమె తగదని 2023లో వ్రాసిన వ్యాఖ్యాతలుండిరి. ఆ వేసవిలో ఆమె నవ్వు సైతము దేశమునకు నవోత్సాహమయ్యెను. నవంబరులో ఓడిన మరునాడు ఆ పాత దోషములన్నియు మరల దొరకెను.

ఈ దూరదేశపు ముచ్చట మనకేల యని పాఠకమహాశయులు అడుగవచ్చును. వీసా నిబంధనయొకటి మారినచో గుంటూరులోను, కరీంనగరులోను ఎన్ని యిండ్లలో నిద్ర యుండదో మన మెరుగుదుము. ఆ నిబంధనలను శాసించువాని స్వభావమును మనవారు తెలిసికొనునది ఈ వ్యాఖ్యాతల నోటనే. వారి మాటనే మన పత్రికలు తెనిగించి వడ్డించుచున్నవి. మరియొక సంగతి. 2016 జూలైలో అట్లాంటిక్ పత్రికలో వ్యాఖ్యాతగ వ్రాయుచు, ట్రంపుగారిని బాధపడు జనులకు మత్తుమందువంటివాడని వర్ణించిన జె.డి. వాన్సుగారే, 2024లో ఆయన ప్రక్కన ఉపాధ్యక్షాభ్యర్థిగ నిలిచి జయించిరి. వాన్సుగారి భార్య ఉషగారి పుట్టింటివారి మూలములు ఆంధ్రదేశమున నున్నందున మనవారు మురిసిరి. మురియుట తప్పు కాదు. తాను నాడు పొరబడితినని వాన్సుగారు చెప్పిరి. పొరపాటు మొదటి మాటలోనున్నదో రెండవ మాటలోనున్నదో పాఠకులే నిర్ణయింపవలెను. అట్లు నిర్ణయించుటకు రెండు మాటలును వారి యెదుట నుండవలెను గదా!

అక్కడనే పత్రికల కర్తవ్యమున్నది. 2016లో నూటికి 32 మంది అమెరికనులే వార్తాసంస్థలను నమ్ముచున్నారని గాలప్ సంస్థ తేల్చెను. నమ్మకము పోయిన పత్రిక అబద్ధము చెప్పినను ఒకటే, నిజము చెప్పినను ఒకటే. దుష్టుడైన పాలకునికి ఇంతకన్న మేలైన కవచము లేదు. పోయిన నమ్మకమును మరల తెచ్చుకొను మార్గము కష్టమైనది కాదు. ఏ వ్యాఖ్యాతయైనను ఒక అభ్యర్థినిగూర్చి అభిప్రాయము మార్చుకొన్న దినమున, తన పూర్వపు వాక్యమును క్రొత్త వాక్యము ప్రక్కన అచ్చువేసి, నడుమ తాను తెలిసికొన్న క్రొత్త సంగతి యేదో ఒక్క వాక్యములో చెప్పవలెను. చెప్పగలిగినచో అది విమర్శ. చెప్పలేకున్నచో అది ఏ యెండకు ఆ గొడుగు.

మేమును ఈ వృత్తిలోనివారమే. గెలుచువాని గుమ్మమున కాచుకొనియుండు బలహీనత మన దేశపు పత్రికలకు లేదని చెప్పుటకు మాకు నోరాడదు. కావున ఈ నియమమును అమెరికావారికి బోధించుటతో ఊరకుండక, మాకును విధించుకొనుచున్నాము. రాబోవు ఏ యెన్నికలోనైనను మా నేటి మాటయు మా నిన్నటి మాటయు పొసగకున్నచో, పాఠకులు మా పాత సంచికను తీసి మా ముఖముముందర పెట్టుదురుగాక.